దిబ్బ అవతల

ర్యాలీ కారులో ఎడమ సీటు మనిషి పేరు ఎవరికీ గుర్తుండదు. గెలిస్తే డ్రైవర్ గెలిచాడంటారు. ఓడితే మాత్రం పక్కన కూర్చున్నవాడు ఏం వెలగబెట్టాడని అడుగుతారు. ఇరవై రెండేళ్ళు ఆ సీట్లో కూర్చుని ఈ న్యాయానికి అలవాటు పడిపోయాను. ఇప్పుడు చెప్పేది తలకిందులైన సంగతి. తప్పు నేను చేశాను, నింద డ్రైవర్ మోసింది, నేను ఆరు రోజులు నోరు మూసుకున్నాను.

నా పేరు గోవింద్. పాతబస్తీలో ఉప్పుగూడ స్టేషన్ వెనక గల్లీలో ఇల్లు. మా నాన్న జగన్నాథం గారు మా గల్లీ వెంకటేశ్వరస్వామి గుడిలో నలభై ఏళ్ళు అర్చన చేశారు. నాకు గుడి అబ్బలేదు. ఒక సర్కారు ఆఫీసులో ఫైళ్ళ మధ్య పడ్డాను, ఆదివారం వస్తే హెల్మెట్ పెట్టుకుని అడవుల వెంట పడ్డాను. మా చుట్టాలు మొదటి సంగతి అందరికీ చెప్పేవారు, రెండోది దాచేవారు.

కో-డ్రైవర్ పని చూసేవాళ్ళకు విచిత్రంగా ఉంటుంది. పోటీకి ముందు రోజు ఆ మట్టి దారిలో మెల్లగా కారు నడుపుతూ ప్రతి మలుపునూ రాసుకుంటాం. దాన్ని రెక్కీ అంటారు. మర్నాడు అదే దారిలో డ్రైవర్ ప్రాణాలకు తెగించి నడుపుతుంటే, రాసుకున్న ఆ నోట్స్ ఒక్కో మలుపుకు ముందు నేను చెవిలో వేయాలి. ఒకటి అంటే దాదాపు ఆగి తిరగాల్సిన మలుపు, ఆరు అంటే కాలు తీయకుండా పోవచ్చు. మిగతావాళ్ళు ఇంగ్లీషులో రాసుకునేవారు. మేం మాత్రం మా పాతబస్తీ మాటల్లోనే రాసుకున్నాం. తంగ్ అంటే దారి ఇరుకు. సీదా ఎనభై అంటే ఎనభై మీటర్లు తిన్నగా. కొట్టు అంటే ఎక్సిలేటర్ పూర్తిగా తొక్కు. ఎదురుగా దిబ్బ ఉంటే దాని అవతల ఏముందో డ్రైవర్‌కు కనపడదు. నేను కొట్టమంటే కొట్టాలి, అంతే.

ఆ డ్రైవర్ మా పాలాయన సాయిలు కూతురు స్రవంతి. వాళ్ళ బర్ల దొడ్డి బార్కస్ దారిలో ఉంది. సాయిలుకు మోకాలు చెడ్డాక పాల వ్యాన్ స్టీరింగ్ ఆ పిల్ల చేతికొచ్చింది, అప్పుడామెకు పంతొమ్మిదేళ్ళు. ఒక రోజు వానలో నాకు బస్సు తప్పితే వ్యాన్ ఆపి ఎక్కించుకుంది. వెనక నిండు క్యాన్లు. గల్లీల్లో ఆమె నడిపిన వేగానికి నేను సీటు అంచు పట్టుకున్నాను, కానీ క్యాన్లలో పాలు కదిలిన చప్పుడైనా లేదు.

"పాలు ఒలుకుతలేవేంది బిడ్డా?" అన్నాను.

"ఒలికితె మా బాపు గల్లీ మొత్తం ముందట ఇజ్జత్ తీస్తడు కాకా" అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

నాకు అప్పుడే అర్థమైంది. బరువు ఎటు పోతుందో ఆ పిల్ల ఒంటికి ముందే తెలుస్తోంది. అది నేర్పితే వచ్చేది కాదు. నెల తిరగకుండా సాయిలును అడిగాను. ఆయన పెద్దగా ఆలోచించలేదు. "అయ్యగారు పక్కన కూసుంటరంటె నాకేం ఫికర్?" అన్నాడు.

దక్షిణాది ప్రాంతీయ సిరీస్ అంటే గొప్పగా ఊహించుకోకండి. ఏడాదికి నాలుగు పోటీలు. టెంటు కింద టీ, చెట్టు కింద బండి సర్వీసు, చూడటానికి వచ్చేది పక్క ఊరి జనం. కానీ జాతీయ పోటీలకు పోయిన డ్రైవర్లలో చాలామంది ఆ దుమ్ములోంచి లేచినవాళ్ళే. ఒకే దారిని రెండుసార్లు నడపడం, టైరు పగిలితే నిమిషాల్లో మార్చుకోవడం, ఓడిన మర్నాడు కూడా హెల్మెట్ పెట్టుకోవడం, ఇవన్నీ అక్కడే అలవడతాయి. బాలరాజ్ అనే డ్రైవర్ నా పక్కన రెండేళ్ళు నడిపి పైకి పోయాడు. పోతూ స్వీటు డబ్బా తెచ్చాడు. పై టీమ్‌లో కో-డ్రైవర్ వేరే ఉంటాడు, కాబట్టి నేను డబ్బా తీసుకుని ఇంట్లో కూర్చున్నాను. ఈర్ష్య పడలేదని చెబితే అబద్ధమవుతుంది.

స్రవంతిని ఈ సిరీస్‌లో చూసినవాడు మురళి. సికింద్రాబాద్ మనిషి, ఒకప్పటి డ్రైవర్, ఇప్పుడు ఒక జాతీయ టీమ్‌కు మేనేజర్. వాళ్ళ దగ్గర ఒక జూనియర్ సీటు ఉంది. ఇరవై ఐదేళ్ళు నిండినవాళ్ళకు అది ఇవ్వరు. స్రవంతికి వచ్చే ఆగస్టులో నిండుతాయి. అంటే ఈ ఏడు దొరికితే దొరికినట్టు, లేకపోతే ఆమె జన్మలో ఆ సీటు లేదు.

మూడో రౌండ్ అయ్యాక మురళి నన్ను పక్కకు పిలిచాడు. "ట్రోఫీ చూసి సీటియ్యం గోవింద్ గారూ. టైమింగ్స్ చూస్తం, లోపలి కెమెరా వీడియో చూస్తం. స్పీడ్ ఉన్నోళ్ళు మస్తు మంది దొరుకుతరు. నోట్స్ వినేటోళ్ళు దొరకరు. ఆఖరి రౌండ్ల ఈ పిల్లను మంచిగ చూస్త" అన్నాడు.

ఆ మాట విన్న రోజే నేను నా ఎడమ సీటు వదిలి ఉండాల్సింది. ఎందుకో చెబుతాను. నలభై ఏడో ఏట నాకు చత్వారం వచ్చింది. దాని మీద కుడి కంట్లో పొర కూడా మొదలైంది. హెల్మెట్ లోపల కళ్ళజోడు చెమటకు మసకబారుతుంది, కుదుపుకు ముక్కు మీద నుంచి జారుతుంది. నాలాంటివాళ్ళు పెద్ద అక్షరాలు రాసుకుంటారు, జోడుకు తాడు కట్టుకుంటారు, నలుగురినీ అడిగి ఏదో ఒకటి చేసుకుంటారు. నేను ఎవరినీ అడగలేదు. నాకు ఇంకో విద్య ఉంది.

చిన్నప్పుడు మా నాన్న నాకు పాశురాలు సంత చెప్పేవారు. ఆయన ఒకసారి అంటే నేను రెండుసార్లు అనాలి. పుస్తకం ముట్టనిచ్చేవారు కాదు. మధ్యలో ఎవరు పిలిచినా, పక్కన పిడుగు పడినా ఆగకూడదు. ఆగితే మళ్ళీ మొదటి నుంచి. అలా నేర్చుకున్నది యాభై ఏళ్ళు వచ్చినా నాలుక మీంచి పోదు. నోట్స్‌కు కూడా నేను ఆ పద్ధతే పట్టాను. రెక్కీ అయిన సాయంత్రం లాడ్జి గదిలో కళ్ళజోడు పెట్టుకుని స్టేజ్ మొత్తం, అంటే ఒక విడత దారిలోని మలుపులన్నీ, వల్లె వేసేవాణ్ణి. పేజీల ఫోటోలు మా ఆవిడ కోమలవల్లికి పంపేవాణ్ణి. ఆమె అవి చూస్తూ, నేను ఫోన్లో ఒప్పజెబుతుంటే తప్పులు పట్టేది. ఆమెదీ అర్చకుల ఇల్లే, చెవి మహా గట్టిది. నా కళ్ళ సంగతి తెలిసింది కూడా ఆమె ఒక్కదానికే.

పోటీలో పుస్తకం ఒళ్ళో ఉండేది, పేజీలు తిప్పేవాణ్ణి, చూసేవాణ్ణి కాదు. ప్రమాదమైన చోట మాటను రెండుసార్లు అనేవాణ్ణి, అదీ సంత అలవాటే. "పంతులు బుక్కు చూడకుండ చెప్తడు భాయ్" అని మెకానిక్‌లు చెప్పుకుంటుంటే నాకు లోపల ఎంత హాయిగా ఉండేదో దాచుకోవడం దేనికి. స్రవంతి కూడా అది నా జ్ఞాపకశక్తి అనే అనుకునేది. ఆమెకు చెప్పే అవకాశాలు నాకు యాభై వచ్చి ఉంటాయి. చెబితే నా సీటు పోతుందని చెప్పలేదు. ఆ భయం కన్నా, ఆ పిల్ల పైకి పోతే నన్ను కూడా తీసుకుపోతుందేమోనన్న ఆశ మరీ పాడుది.

నవంబర్‌లో చివరి రౌండ్. వికారాబాద్ అవతల ఎర్రమట్టి దారులు. పొద్దున మూడు స్టేజ్‌లు అయ్యేసరికి మా తరగతిలో మేమే ముందున్నాం. మధ్యాహ్నం సర్వీసులో బండికి టైర్లు మారుస్తుండగా నిర్వాహకులు ఒక కాగితం పంచారు. పద్నాలుగు కిలోమీటర్ల పెద్ద స్టేజ్‌ను రెండోసారి నడపాలి. పొద్దుటి కార్ల తాకిడికి తొమ్మిదో కిలోమీటరు దగ్గర కల్వర్టు ఒక పక్క కూలింది. అక్కడ రోడ్డు మూసేశారు. దిబ్బ దిగగానే కుడికి తిరిగి ఎండిన వాగులోంచి పోవాలి.

పొద్దున నేను చెప్పింది ఇది: సీదా ఎనభై, దిబ్బ, కొట్టు, కల్వర్టు మీద ఎడమ ఐదు. ఇప్పుడు చెప్పాల్సింది ఇది: సీదా ఎనభై, దిబ్బ ముందు ఆపు, దిగంగనే కుడి ఒకటి, వాగులకు. ఎర్ర పెన్నుతో పుస్తకంలో దిద్దాను. స్రవంతికి చదివి వినిపించాను.

"గా స్టేజ్ల దిబ్బలు తొమ్మిదున్నయ్ కాకా. గదేదో నాకు యాదికుండది. జెర ముందుగాల్నే చెప్పు" అంది, అరటిపండు తొక్క తీస్తూ.

"చెప్తలే, నువ్వు ఫికర్ చేయకు" అన్నాను.

ఆ వాక్యాన్ని నాలుగైదుసార్లు మనసులో అనుకున్నాను. అది చాలుననుకున్నాను. సంత పట్టిన పాఠంలో ఒక్క మాట మార్చడం ఎంత కష్టమో నాకు అప్పటికి తెలియదు. మా నాన్న నేర్పిన పాఠం ఏనాడూ మారలేదు మరి.

స్టేజ్ మొదలైంది. ఆమె అంత బాగా నడపడం నేను ఎప్పుడూ చూడలేదు. నా నాలుకా దాని దారిన అది పోతోంది. ఎనిమిదో కిలోమీటరు దాటడం గుర్తుంది. ముందు కారు లేపిన దుమ్ములోంచి ఎండ పసుపుగా దిగడం గుర్తుంది. తర్వాత బండి గాల్లో ఉంది, ఎదురుగా అడ్డం కట్టిన ఎర్ర తాడు కనపడింది, స్రవంతి ఏదో అరిచింది. కూలిన కల్వర్టు అంచు నా పక్క నుంచి లోపలికొచ్చింది.

కళ్ళు తెరిచేసరికి సిటీలోని ఎముకల ఆసుపత్రిలో ఉన్నాను. ఎడమ కాలి ఎముక రెండు చోట్ల విరిగింది, కడ్డీ వేశారు. స్రవంతికి బెల్టు కోసుకున్న గాయం తప్ప ఏమీ కాలేదని నర్సు చెప్పింది. ఆ మాట విని ఏడ్చాను. ఆ ఏడుపు నిజమైనదే. దాని తర్వాత చేసినదే నిజాయితీ లేని పని.

మూడో రోజు పొద్దున సాయిలు వచ్చాడు. చేతిలో స్టీలు డబ్బాలో పాలు. డబ్బా కింద పెట్టి, మంచం చివరకు వచ్చి, కట్టు లేని నా కుడి పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని నుదురు ఆనించాడు. నాకన్నా నాలుగేళ్ళు పెద్దవాడు.

"మా పొల్ల మీ కాలిరగ్గొట్టింది అయ్యగారూ. మాఫ్ జేయుండ్రి" అన్నాడు.

నాకు ఏమీ అర్థం కాలేదు. "ఏందన్నా గిది, లెవ్వు" అన్నాను.

"నాకంత చెప్పింది. మీరు మంచిగనె చెప్పిన్రంట. ఇదే లేటుగ బ్రేక్ కొట్టిందంట. ఆఫీసర్ల ముందట గూడ గట్లనే రాసిచ్చింది. నేను మిమ్ముల్ని నమ్మి పంపిస్తె ఇది మీ పానం మీదికి తెచ్చింది. ఇగ సచ్చినా స్టీరింగ్ ముట్టనియ్య. వ్యాన్ నేనే నడుపుకుంట."

అప్పుడు చెప్పాలి. గొంతులోకి వచ్చింది కూడా. కానీ ఆయన మాటలో ఉన్న గౌరవం నన్ను పట్టేసింది. మీరు మంచిగనె చెప్పిన్రంట. ఇరవై రెండేళ్ళ పేరు, ఆయన ఆ ఒక్క మాటతో నా చేతిలో మళ్ళీ పెట్టాడు. నేను తీసుకున్నాను. "పోనియ్ సాయిలన్నా" అన్నాను. పోనియ్! తప్పు చేసినవాణ్ణి నేనై ఉండి, క్షమించినట్టు మాట్లాడాను.

ఆ సాయంత్రం మురళి నుంచి ఫోన్ వచ్చింది. నా ఆరోగ్యం అడిగి, తర్వాత అన్నాడు: "దిల్ టూట్ గయా గోవింద్ గారూ. ఆ స్టేజ్ల ఎనిమిది కిలోమీటర్ల వరకు ఆమె టైమ్ మా పెద్ద డ్రైవర్ల తోటి సమానం. కెమెరా దొరకలేదంట, ఆమె రాసిచ్చిన కాయితమే చూసిన. కానీ మార్చిన నోటు చెప్పినంక గూడ విననోళ్ళను నేను ఘాట్ రోడ్ల మీదికి తీస్కపోలేను. సీటు వేరే పిల్లగానికి అనుకుంటున్న. సోమవారం ఫైనల్ చేస్త."

"మంచిది" అన్నాను. ఏది మంచిదో నన్ను అడగొద్దు.

ఐదో రోజు ఇంటికి తెచ్చారు. మర్నాడు పొద్దున పాలు గంట ఆలస్యంగా వచ్చాయి. సాయిలు వ్యాన్ దిగడానికి తలుపు పట్టుకుని తంటాలు పడుతున్నాడని కోమలవల్లి కిటికీలోంచి చూసి చెప్పింది. ఆ మోకాలితో క్లచ్ తొక్కుతూ బార్కస్ నుంచి వచ్చాడు. స్రవంతి ఎక్కడని కోమలవల్లి అడిగితే, దొడ్డి కాడ పేడ తీస్తున్నదని చెప్పి పోయాడు.

కోమలవల్లి పాల గిన్నె పొయ్యి మీద పెట్టి వచ్చి, నా మంచం పక్క కుర్చీలో కూర్చుంది.

"ఆపరేషన్ అయినంక మీకు మత్తు దిగుతున్నప్పుడు నేను పక్కనే ఉన్న" అంది.

"అవును."

"ఆ మత్తులనే పెద్ద స్టేజ్ మొదటి నుంచి ఆఖరి దాక చదివిన్రు. అంత దెబ్బ తాకిన మనిషి లెక్క లేరు, గంటలాగ ఖంగుమన్నది గొంతు. రెక్కీ నాడు నాకు ఫోన్ల ఒప్పజెప్పిన్రు సూడుండ్రి, అచ్చం అట్లనే. ఒక్క మాట ఫరక్ లేదు." కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఆ దిబ్బ కాడ నోట్స్ మార్చిన్రని స్రవంతి చెప్పింది. మారిన మాట మీ నోట్లకెల్లి నేను వినలే."

నేను గోడ వైపు చూశాను.

"ఆ పిల్లకు నిజంగ చెప్పిన్రా?"

"తెల్వదు" అన్నాను. అది కూడా అబద్ధమే. నాకు తెలుసు. నా నాలుక ఎలా పోతుందో నాకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది?

"మామయ్య ఉంటే ఏమనేటోరో మీకు తెలుసు" అని, పాలు పొంగుతున్నాయని లేచి పోయింది.

నా హెల్మెట్ సంచిని సర్వీసు కుర్రాళ్ళు ఆసుపత్రిలోనే ఇచ్చి పోయారు. కారు లోపల రెండు సీట్ల మధ్య బిగించే చిన్న కెమెరా అందులోనే ఉంది. నలిగింది గానీ దాని కార్డు బాగానే ఉంది. కెమెరా సంచిలో ఉందని నాకు ఆసుపత్రిలోనే తెలుసు, వీడియో పెట్టి చూడకుండా దాన్ని సంచి అడుక్కి తోశాను. ఇప్పుడు మా అమ్మాయి శ్రీహితను పిలిచి అది తీయించాను. మురళికి ఫోన్ చేసి, సోమవారం కన్నా ముందు ఒక్కసారి మా ఇంటికి రమ్మన్నాను. సాయిలునూ స్రవంతినీ తీసుకురమ్మని కోమలవల్లిని పంపాను.

ఆ మధ్యాహ్నం మా ముందు గదిలో అందరూ కూర్చున్నారు. సాయిలు కుర్చీ వద్దని గడప దగ్గర నిలబడ్డాడు. స్రవంతి వారం రోజుల్లో చిక్కిపోయింది, నా కాలి వైపు చూడటం లేదు. మురళి చేతి గడియారం చూసుకుంటున్నాడు.

"మార్చిన నోటు నేను చెప్పలేదు" అన్నాను. "నాకు పుస్తకం కనపడదు. రెండేండ్ల సంది కనపడ్తలేదు. అంత కంఠస్థం పట్టి చెప్తున్న. మార్చినది పట్టలేదు నాకు. పాతదే చెప్పిన."

"కాకా, ఊకో" అంది స్రవంతి గట్టిగా. "గదేం లేదు సార్, కాకకు దెబ్బ తాకింది, యాది లేదు."

"పెట్టు శ్రీహితా" అన్నాను.

ల్యాప్‌టాప్‌లో దుమ్ము, ఇంజిన్ మోత, ఊగుతున్న రెండు హెల్మెట్లు. నా గొంతు ఎంతో స్పష్టంగా ఉంది. వినడానికి హాయిగా కూడా ఉంది, అదే నాకు వెగటు పుట్టించింది. నా తల ఒక్కసారి కూడా ఒడిలోకి వంగలేదు. తొమ్మిదో కిలోమీటరు వచ్చింది.

"సీదా ఎనభై, దిబ్బ, కొట్టు" అన్నాను నేను, ఆ పెట్టెలోంచి.

తర్వాత వచ్చినది నాకు గుర్తు లేదు. ఆ గదిలోనే మొదటిసారి విన్నాను.

"కాకా?" అంది స్రవంతి. ఒక్క మాటే. ఇంజిన్ మోత అర క్షణం తగ్గింది. ఆమె కాలు తీసింది.

"దిబ్బ, కొట్టు" అన్నాను నేను, మళ్ళీ.

ఇంజిన్ ఒక్కసారిగా అరిచింది. తర్వాతిది అందరికీ తెలిసిందే. శ్రీహిత గబగబా ఆపేసింది.

ఆ పిల్లకు అనుమానం వచ్చింది. అడిగింది. నేను జవాబు చెప్పానని అనుకుంది. నేను చెప్పింది జవాబు కాదు. ప్రమాదమైన చోట రెండుసార్లు అనే అలవాటు, అంతే. ఆమె నన్ను పిలిచిన సంగతే నేను వినలేదు. మధ్యలో ఎవరు పిలిచినా ఆగకూడదని నేర్చుకున్న చెవులు నావి.

మురళి ఆ ముక్కను ఇంకో రెండుసార్లు పెట్టించుకుని విన్నాడు. నాకది కాలికి కడ్డీ వేసినప్పటి కన్నా నొప్పిగా ఉంది. చివరికి లేచాడు.

"మీతోని మాట్లాడేది మస్తుంది గోవింద్ గారూ. ఇయ్యాల మాట్లాడితె బాగుండది" అన్నాడు. తర్వాత స్రవంతి వైపు తిరిగాడు. "డౌట్ వచ్చింది, అడిగినవ్. కో-డ్రైవర్ మల్ల అదే చెప్తె, పోయినవ్. డ్రైవర్ చెయ్యాల్సిన పని నువ్వు చేసినవ్. ఆఫీసర్లకు అబద్ధం రాసిచ్చినవ్ చూడు, అది మాత్రం ఇంకోసారి చేస్తె ఊకోను. జనవరిల టెస్ట్ ఉంది, రా. సీటు నీ పేరు మీద పెడుతున్న. పక్కన కూసునేటోణ్ణి నేనిస్త."

స్రవంతి తల ఊపింది. ఆమె ముఖంలో నేను వెతికిన సంతోషం కనపడలేదు. నేను అప్పుడే మురళి చేతికి రెండు కాగితాలిచ్చాను. ఒకటి నిర్వాహకులకు, జరిగింది జరిగినట్టు రాసినది. రెండోది నా కో-డ్రైవర్ లైసెన్సు, ఇక నాకు వద్దని. ఆయన చదవకుండానే జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయిలు గడప దగ్గరే ఉన్నాడు. ఆయన కోప్పడితే బాగుండుననుకున్నాను.

"నేను మొన్న మీ కాళ్ళు మొక్కిన అయ్యగారూ" అన్నాడు మెల్లగా.

"అవునన్నా."

"గప్పుడన్న చెప్పొద్దా?"

చేతులు జోడించాను. ఆయన నా చేతుల వైపు చూసి, తిరిగి దండం పెట్టలేదు. కుంటుకుంటూ మెట్లు దిగిపోయాడు. ముప్పై ఏళ్ళుగా మా ఇంటికి పాలు పోసిన మనిషి వెనక్కి తిరగకుండా పోవడం అదే మొదటిసారి. నాకు అది దక్కాల్సిందే.

కోమలవల్లీ శ్రీహితా లోపలికి పోయారు. స్రవంతి మాత్రం ఉండిపోయింది. వచ్చి కోమలవల్లి కూర్చునే కుర్చీలో కూర్చుంది.

"ఎందుకు నీ మీద ఏస్కున్నవ్ బిడ్డా?" అని అడిగాను.

"నీకు నోట్స్ తప్ప ఇంకేముంది కాకా? అది గూడ పోతె ఏం జేస్తవ్ అనుకున్న" అంది. "నాకైతె వ్యాన్ ఉండె."

నేను దుప్పటి అంచు నలిపాను. బయట ఉప్పుగూడ స్టేషన్లో లోకల్ రైలు ఆగి కదిలింది.

"జనవరిల కొత్తాయన పక్కన కూసుంటడు. ముంగట దిబ్బ ఉంటది. 'ఫ్లాట్' అంటడు, మన 'కొట్టు' లెక్క. నా కాలు ఎక్సిలేటర్ మీద వడ్తదా కాకా?"

అందుకే కదా ఆమెకు సీటు దొరికింది. చెప్పిన మాట మీద పోతుందని. ఆ నమ్మకాన్ని నేనేం చేశానో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. ధైర్యం చెప్పే మాటలు నాకు కొత్త కాదు, ఎన్నో వచ్చాయి నోటి దాకా. తప్పకుండా పడుతుంది బిడ్డా, ఆ మనిషి నాలాంటివాడు కాదు బిడ్డా. అవన్నీ మింగేశాను.

"తెల్వదు బిడ్డా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. వారం రోజుల్లో అదే మొదటిసారి చూడటం.

"గీ మాట గా దిబ్బ కాడ అనుంటె అయిపోవు గద కాకా" అంది. "'కాకా' అన్న గద. 'తెల్వదు' అనుంటె బ్రేక్ కొడ్తుంటి. తెల్వదంటె నేను నిన్ను తక్కువ జేస్తుంటినా?"

నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు. కింద నుంచి సాయిలు కూతుర్ని పేరు పెట్టి కేకేశాడు. ఆమె లేచి, నా కాలి కింది దిండు జారిపోతే సరిచేసి, మెట్లు దిగింది.

కాసేపటికి వ్యాన్ స్టార్టయింది. మంచం మీంచి నాకు గల్లీ కనపడదు, చప్పుడే వినపడుతుంది. మలుపు దగ్గర బండి ఆగకుండా, గేరు మాత్రం తగ్గి, మళ్ళీ అందుకుంది. సాయిలు ఆ మలుపులో ఎప్పుడూ బండి ఆపి తిప్పుతాడు. నడుపుతున్నది స్రవంతి.